ఎడారి రాత్రి ప్యాకేజీ: బండికి వెలుగు కావాలి, కంటికి చీకటి కావాలి

క్లుప్తంగా

రాత్రిపూట ఎడారి దిబ్బల మీద ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో తిప్పి, ఆ తర్వాత నక్షత్రాలు చూపించే ప్యాకేజీలను దుబాయ్, అబుధాబి వైపు అమ్ముతున్నారు. ఇందులో కలిసిన రెండు పనులకూ కావలసిన పరిస్థితులు ఒకదానికొకటి ఎదురు. బండి నడపడానికి వెలుగు ఉండాలి, వెన్నెల కూడా ఉంటే మరీ మంచిది. నక్షత్రాలు చూడడానికి ఆ రెండూ ఉండకూడదు. అందుకే ఒకే రకం టికెట్ కొన్న ఇద్దరిలో ఒకరు పాలపుంత చూసి వస్తే, ఇంకొకరు నాలుగు చుక్కలు చూసి నిరాశగా తిరిగొస్తారు. ఆ తేడా తిథిని బట్టి, నెలను బట్టి, నగరం నుంచి ఉన్న దూరాన్ని బట్టి, బండ్ల లైట్లు ఎప్పుడు ఆర్పారన్నదాన్ని బట్టి వస్తుంది. టికెట్ ధరకు అందులో ఉండే పాత్ర తక్కువ.

ఒకే సాయంత్రంలో రెండు పనులు

దుబాయ్‌లో మామూలు డెజర్ట్ సఫారీ ఎలా సాగుతుందో అక్కడికి వెళ్లివచ్చిన తెలుగు కుటుంబాలు చాలావాటికి తెలుసు. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో హోటల్ దగ్గరో ఇంటి దగ్గరో ఎక్కించుకుంటారు. లహ్‌బాబ్ ఎర్ర దిబ్బల లాంటి చోట అరగంటో ముప్పావు గంటో దిబ్బలు ఎక్కించి దించుతారు. దీన్నే డ్యూన్ బ్యాషింగ్ అంటారు. సూర్యాస్తమయం వేళ ఫోటోలు, తర్వాత క్యాంపులో భోజనం, తనూరా నృత్యం, నిప్పుతో చేసే విన్యాసాలు. రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో తిరుగు ప్రయాణం. దిబ్బల మీద డ్రైవింగ్ అంతా పగటి వెలుగులోనే అయిపోతుంది.

రాత్రి ప్యాకేజీలో ఇదంతా వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక కాన్వాయ్‌గా దిబ్బలు దాటి, ఒకచోట ఆపి టెలిస్కోపు పెడతారు. లేదా రాత్రంతా గుడారాల్లో ఉంచి తెల్లవారుజామున ఆకాశం చూపిస్తారు. వీటి పేర్లన్నీ ఒకేలా ఉండటంతో కొనేవాళ్లు తికమకపడుతున్నారు. మామూలు క్యాంపు సఫారీకే స్టార్‌గేజింగ్ అన్న మాట చేర్చినవీ ఉన్నాయి. అక్కడ భోజనాలయ్యాక కొద్ది నిమిషాలు లైట్లు ఆర్పి, పైకి చూడమంటారు. ఖగోళం తెలిసిన గైడుతో, నగరానికి దూరంగా, రెండు మూడు గంటలు పూర్తి చీకటిలో కూర్చోబెట్టేవి వేరే. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం సరికాదు.

కొద్ది నిమిషాలు చాలకపోవడానికి కారణం కంటిలోనే ఉంది. లైటు ఆర్పగానే కన్ను చీకటికి అలవాటు పడదు. రంగులు చూసే కోన్ కణాలు పది నిమిషాల్లో తమ హద్దుకు చేరతాయి. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు అంత త్వరగా సిద్ధం కావు. వాటిలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం వెలుగు తగిలితే విడిపోతుంది, చీకట్లో నెమ్మదిగా మళ్లీ కూడుకుంటుంది. దానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, పూర్తిగా కుదురుకోవాలంటే ఇంకాస్త ఎక్కువ. మధ్యలో ఒక్క హెడ్‌లైటు కంట్లో పడినా, ఫోన్ తెరను పూర్తి వెలుగుతో ఒక్కసారి చూసినా చాలావరకు మళ్లీ మొదటికి వస్తుంది. ముదురు ఎర్ర కాంతికి రాడ్ కణాలు దాదాపు స్పందించవు. గైడ్లు ఎర్ర టార్చి వాడేది అందుకే. కాబట్టి నాలుగు బండ్లు వరుసగా వచ్చి పావుగంట తేడాతో ఆగితే, మొదట వచ్చినవాళ్ల కళ్లు చివరి బండి లైట్లు ఆరేదాకా ఎదురుచూస్తూనే ఉంటాయి.

ఏ4 కాగితమంత జాగా

ఇసుక మీద బండి నడవడం వెనక పెద్ద ఇంజిన్ కంటే టైర్లలోని గాలి ముఖ్యం. టైరు నేలను నొక్కే ఒత్తిడి దాదాపు దానిలోని గాలి ఒత్తిడంత ఉంటుంది. ఉదాహరణకు మనుషులతో కలిపి 2,800 కిలోల బండి అనుకుంటే ఒక్కో టైరు మీద 700 కిలోలు పడతాయి. రోడ్డు మీద ఉండే 35 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) దగ్గర టైరు నేలకు ఆనే జాగా సుమారు 285 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితంలో సగం కంటే తక్కువ. గాలి తీసి 16 పీఎస్ఐకి తెస్తే అది దాదాపు పూర్తి ఏ4 కాగితమంత అవుతుంది. బరువు అంతే ఉన్నా జాగా రెట్టింపు కావడంతో ఇసుక లోపలికి కుంగదు. ఎడారి అంచులో బండ్లన్నీ ఆగి బుస్సుమని గాలి వదలడం ఇందుకే.

గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది, ముఖ్యంగా వేగంలో స్టీరింగ్ గట్టిగా తిప్పినప్పుడు. అందుకే అనుభవం ఉన్న డ్రైవర్లు సాధారణంగా 12 నుంచి 18 పీఎస్ఐ మధ్యే ఉంచుతారు. బండి దిగబడినప్పుడు యాక్సిలరేటర్ తొక్కడం అందరూ చేసే మొదటి తప్పు. చక్రం తిరిగిన కొద్దీ తన గోతిని తానే తవ్వుకుంటుంది. పారతో టైర్ల ముందు ఇసుక తీసి, కింద పలకలు వేసి, వచ్చిన దారినే వెనక్కి తీసుకోవడం సరైన పద్ధతి. పగలు ఇది పది నిమిషాల పని. రాత్రి ఇదే పనికి ఇంకో బండి లైట్లు వేసి నిలబడాలి, దాంతో చుట్టూ ఉన్న అందరి కళ్లలోనూ వెలుగు పడుతుంది.

రాత్రి వల్ల ఒక మేలు ఉంది. చల్లబడిన ఇసుక మీద, తీరానికి దగ్గరైతే మంచు తడి కూడా పట్టి, పైపొర కాస్త గట్టిపడుతుంది. మిట్టమధ్యాహ్నం పొడిపొడిగా జారే ఇసుక కంటే తెల్లవారుజామున ఇసుక బండిని బాగా మోస్తుంది.

హెడ్‌లైటులో దిబ్బ ఎందుకు మాయమవుతుంది

అసలు ప్రమాదం ఇసుక మెత్తదనంలో కంటే చూపులో ఎక్కువగా ఉంది. ఇసుక దిబ్బకు రెండు వైపులూ ఒకేలా ఉండవు. గాలి వచ్చే వైపు వాలు మెల్లగా, 10 నుంచి 15 డిగ్రీలు ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారి జారి ఆగిన వాలు, సుమారు 30 నుంచి 34 డిగ్రీలు. రెండూ కలిసే చోట శిఖరం కత్తి అంచులా ఉంటుంది. ఆ నిటారు వాలు మీద బండిని నేరుగా కిందికి దింపితే ఇసుకతో పాటు జారుతూ క్షేమంగా దిగుతుంది. అడ్డంగా తిప్పితే బోల్తా పడుతుంది. శిఖరానికి అవతల ఏముందో తెలియకుండా వేగంగా దాటడం ఎప్పుడూ ప్రమాదమే.

పగలు, ముఖ్యంగా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, ప్రతి మడత నీడ వల్ల స్పష్టంగా కనబడుతుంది. లోయ ఎక్కడో, అంచు ఎక్కడో నీడే చెబుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే నీడలు ఉండవా అంటే ఉంటాయి, కానీ డ్రైవరుకు కనబడవు. వెలుగు బయల్దేరే చోటు, కన్ను ఉండే చోటు దాదాపు ఒకే దిక్కున ఉన్నప్పుడు ప్రతి ఎత్తుపల్లం నీడా దాని వెనకే దాక్కుంటుంది. ఎదురుగా ఉన్న ఇసుకంతా ఒకే చదునైన గోడలా కనిపిస్తుంది. బండి కప్పు మీద పెట్టే పెద్ద లైటు పట్టీలు దూరం చూపిస్తాయి కానీ, అవి కంటి ఎత్తుకు ఇంకా దగ్గర కాబట్టి ఈ చదును మరింత పెరుగుతుంది. బంపరు దగ్గర కిందగా ఉన్న లైట్లే గుంటల్ని కాస్త బాగా పట్టిస్తాయి.

దిబ్బ ఎక్కుతున్నప్పుడు ఇంకో సమస్య. బండి ముక్కు పైకి లేస్తుంది, లైట్లు ఆకాశంలోకి పోతాయి. శిఖరం మీదికి వచ్చిన ఆ ఒకటి రెండు క్షణాలు ముందున్న నేల ఏమీ కనబడదు. అక్కడే నిర్ణయం తీసుకోవాలి. ముందు బండి లేపిన దుమ్ము వెనక బండి లైట్లలో తెల్లని తెరలా నిలుస్తుంది, పొగమంచులో హైబీమ్ వేసినట్టు. అందుకే పగటి కంటే రాత్రి కాన్వాయ్‌లో బండ్ల మధ్య దూరం పెంచాలి. శిఖరానికి ఇవతలే ఆగి, ముందు బండి అవతల దిగి పక్కకు తప్పుకున్నానని వాకీటాకీలో చెప్పాకే కదలాలి. ముందు దారి చూపే బండి, చివర అందర్నీ తోడు తెచ్చే బండి రెండూ అనుభవజ్ఞులవే అయి ఉండాలి.

దిబ్బల మధ్య చదునుగా కనిపించే నేలలోనూ ఒక మోసం ఉంది. గల్ఫ్ తీరంలోనూ, లోపలి పల్లపు చోట్లా సబ్ఖా అనే ఉప్పు నేలలుంటాయి. పైన ఎండిన పెచ్చు, కింద తడి బురద. పగలు రంగు తేడా వల్ల, మెరుపు వల్ల గుర్తుపట్టవచ్చు. రాత్రి అదొక చక్కని చదును దారిలా కనిపిస్తుంది. ఇసుకలో దిగబడిన బండిని నలుగురు తోస్తే బయటికి వస్తుంది. సబ్ఖాలో దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది, దాన్ని లాగడానికి వచ్చిన బండి కూడా దిగిపోవచ్చు. జీపీఎస్‌లో పగలు నమోదు చేసుకున్న దారి వదిలి రాత్రి కొత్త దారి వెతకకూడదన్న నియమం వెనక ఉన్న కారణం ఇదే.

ఈ లెక్కలన్నీ చూస్తే, మంచి నిర్వాహకులు రాత్రి డ్రైవింగ్‌ను సాహసంగా కాకుండా చేరవలసిన చోటికి చేర్చే పనిగా చూడాలని తేలుతుంది. అదే దారిని పగలు ఒకసారి నడిపి చూసి, చీకట్లో తక్కువ దూరం, తక్కువ వేగంతో తీసుకెళ్లాలి. రాత్రి పూట దిబ్బల మీద గెంతించడాన్ని గొప్పగా ప్రచారం చేసే ప్యాకేజీని అనుమానించడమే మంచిది.

పంచాంగం చూసి బుక్ చేయాలి

చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు అవసరం, నక్షత్రాలు చూసేవాళ్ల అవసరం నేరుగా ఢీకొంటాయి. పక్క నుంచి పడే వెన్నెల దిబ్బల నీడల్ని మళ్లీ చూపిస్తుంది. డ్రైవరుకు శుద్ధ అష్టమి నాటి సాయంత్రం చాలా అనుకూలం. పున్నమి నాడు హెడ్‌లైట్లు లేకుండానే ఇసుక మీద నడవవచ్చు. నక్షత్రాలకు మాత్రం పున్నమి అంత చెడ్డ రాత్రి ఇంకొకటి లేదు. పూర్తి చీకటిలో ఒకేసారి రెండున్నర వేలకు అటూ ఇటూగా నక్షత్రాలు కంటికి అందుతాయి. నిండు పున్నమి నాడు అవి కొన్ని వందలకు పడిపోతాయి, పాలపుంత కనబడకుండా పోతుంది.

ఇక్కడ చాలామంది ఒక లెక్క తప్పుగా వేస్తారు. అష్టమి నాడు సగం చంద్రుడు కాబట్టి పున్నమి వెలుగులో సగం ఉంటుందనుకుంటారు. నిజానికి సుమారు పదో వంతే ఉంటుంది. కారణం పైన చెప్పుకున్న హెడ్‌లైటు కథే. అష్టమి నాడు సూర్యుడి వెలుగు చంద్రుడి మీద పక్క నుంచి పడుతుంది, అక్కడి గుంటల, గుట్టల నీడలన్నీ మనకు కనిపించి ఆ నేల మసకబారుతుంది. పున్నమి నాడు సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు. నీడలన్నీ రాళ్ల వెనక దాక్కుని చంద్రుడు ఒక్కసారిగా మెరుస్తాడు. డ్రైవరు కంటికి దిబ్బను చదును చేసే సూత్రమే పున్నమి చంద్రుడికి అంత వెలుగునిస్తోంది.

చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ సప్తమి వచ్చేసరికి ఉదయం అర్ధరాత్రి దరిదాపులకు జరుగుతుంది. సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా సాగే యాత్రకు బహుళ సప్తమి నుంచి అమావాస్య మీదుగా శుద్ధ తదియ దాకా, సుమారు 12 రోజులు అనుకూలం. తెల్లవారుజామున చూసేవాళ్లకు లెక్క తిరగబడుతుంది. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు కాబట్టి ఆ తర్వాత ఆకాశం నల్లగా ఉంటుంది. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరులో తిథులు చూడడం వచ్చినవాళ్లకు ఇది వేరే యాప్ అక్కర్లేని సమాచారం. ఒకటే జాగ్రత్త, నెలలో 30 రోజులూ ఒకే హామీతో స్టార్‌గేజింగ్ అమ్ముతున్నారంటే వాళ్లు చంద్రుణ్ణి లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

ఫోటోలో ఆగస్టు, టికెట్‌లో డిసెంబరు

గల్ఫ్‌లో టూరిస్టు సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా. ప్రకటనల్లో కనిపించే ఫోటో మాత్రం ధగధగలాడే పాలపుంత నడిబొడ్డుది, కింద ఒక బండి, ఒక గుడారం. ఆ నడిబొడ్డు ధనుస్సు, వృశ్చిక రాశుల వైపు ఉంటుంది. ధనుర్మాసం అంటేనే సూర్యుడు ధనుస్సులో ఉండే నెల. అంటే డిసెంబరు నడుమ నుంచి జనవరి నడుమ దాకా ఆ భాగం సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. ఎంత చీకటి ఎడారికి వెళ్లినా ఆ నెల సాయంత్రం అది కనబడదు. ఫిబ్రవరి చివర నుంచి తెల్లవారుజామున తూర్పు దిక్కున పైకి వస్తుంది. ఏప్రిల్‌లో అర్ధరాత్రి వేళకు ఉదయిస్తుంది. సాయంత్రం పూట నడినెత్తికి దక్షిణాన నిలిచేది జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు గల్ఫ్‌లో వేడి, తీరం వైపు ఉక్క, గాలిలో దుమ్ము, తేమ. టూరిస్టులు రాని కాలం అదే.

అందుకే పాలపుంత నడిబొడ్డు చూడాలన్నదే కోరికైతే మార్చి, ఏప్రిల్ నెలల్లో అమావాస్యకు దగ్గరగా రాత్రంతా ఉండే క్యాంపు మాత్రమే అందుబాటైన మార్గం. సాయంత్రం ప్యాకేజీ దానికి పనికిరాదు. మన ఊళ్లలో కూడా ఈ లెక్క ఇంతే. ఆషాఢ, శ్రావణాల్లో అది సాయంత్రం ఆకాశంలో ఉన్నా మబ్బులు కప్పేస్తాయి. వేసవిలో డాబా మీద పడుకుని తెల్లవారుజామున లేచినవాళ్లకే కనబడేది.

ఫోటోకు, కంటికి ఉన్న తేడా కూడా చెప్పుకోవాలి. కెమెరా పది పదిహేను సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు వెలుగును పోగుచేసి ఒక బొమ్మగా ఇస్తుంది. కంటికి ఆ సౌకర్యం లేదు. పైగా మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు రంగులు గుర్తించవు. నిజమైన చీకట్లోనూ పాలపుంత ఊదా, నారింజ రంగుల్లో కాకుండా పలచని బూడిద రంగు మేఘంలా కనిపిస్తుంది. ఇది తెలిసి వెళ్లినవాళ్లకు ఆ మేఘంలోని నల్లని చీలికలు కూడా అందంగా కనబడతాయి.

చలికాలం ఆకాశం పేదదేమీ కాదు. తూర్పున కృత్తికలు, వెనకే రోహిణి, ఆ వెనక ఓరియన్ నడుముపట్టీ, దాని కింద సిరియస్. చిన్న టెలిస్కోపుతోనే ఓరియన్ నెబ్యులా చక్కగా కనిపిస్తుంది. నవంబరు, డిసెంబరు సాయంత్రాల్లో చీకటి బాగా ఉన్నచోట ఆండ్రోమెడా గెలాక్సీని ఏ పరికరం లేకుండా చూడవచ్చు. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుగు అది. ఫోటోలో చూపించినది వేరు, ఆ రాత్రి కనబడేది వేరు అని ముందే చెప్పే గైడు దొరకడం ముఖ్యం.

నగరం వెలుగు ఎంత దూరం వెంటాడుతుంది

నగరం పైన కమ్ముకునే వెలుగు దూరంతో పాటు ఎలా తగ్గుతుందో అంచనా వేయడానికి ఖగోళ పరిశీలకులు వాడే ఒక సుమారు సూత్రం ఉంది. దూరం రెట్టింపైతే ఆ వెలుగు ఐదున్నర రెట్లు తగ్గుతుంది. 40 కిలోమీటర్ల దగ్గర ఉన్న దానితో పోలిస్తే 160 కిలోమీటర్ల దగ్గర 30 రెట్లకు పైగా తగ్గుతుందన్న మాట. దుబాయ్ నుంచి గంట లోపు చేరే దిబ్బల మీద ఒక వైపు ఆకాశం ఎప్పుడూ పసుపుగా ఉండేది అందుకే. అబుధాబి ఎమిరేట్‌లో అల్ ఐన్‌కు దక్షిణాన ఉన్న అల్ కువా, ఇంకా కిందికి లివా వైపు వెళ్లేవాళ్లు అదనంగా పెట్టే ప్రయాణ సమయం ఈ రెట్ల కోసమే. గాలిలో దుమ్ము ఎక్కువైన రోజున ఈ సూత్రం కూడా సాయం చేయదు, ధూళికణాలు దూరపు వెలుగును కూడా చెదరగొట్టి ఆకాశమంతా పరుస్తాయి. చలికాలంలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు దిగితే అసలు ఏమీ కనబడదు.

చీకటిని కాపాడవలసిన వనరుగా చూసే చోట్లు పెరుగుతున్నాయి. నమీబియాలోని నమీబ్‌రాండ్ 2012లోనే డార్క్ స్కై రిజర్వ్‌గా గుర్తింపు పొందింది. సౌదీలో అల్‌ఉలా దగ్గరి మనారా, అల్ ఘరామీల్ 2024లో డార్క్ స్కై పార్కులయ్యాయి. మన దేశంలో లడఖ్‌లోని హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. భారత ఖగోళ భౌతిక సంస్థ అబ్జర్వేటరీ ఉన్నది అక్కడే. హాన్లే పద్ధతి గల్ఫ్ పద్ధతికి పూర్తిగా వేరు. ఊళ్లోవాళ్లకే శిక్షణ, టెలిస్కోపులు ఇచ్చి గైడ్లుగా నిలబెట్టారు. కిటికీలకు మందపాటి తెరలు, బండ్ల హెడ్‌లైట్ల మీద ఆంక్షలు ఉన్నాయి. అంటే అక్కడ బండి ఆకాశానికి లోబడి నడుస్తుంది.

హాన్లేకు కూడా ఒక పరిమితి ఉంది. ఊరు 4,000 మీటర్లకు పైనే ఉంది, గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే మొదట దెబ్బతినేవాటిలో రాడ్ కణాల చూపు ఒకటి. ఎత్తుకు అలవాటు పడకుండా పరిగెత్తుకుని వెళ్లినవాళ్లకు తలనొప్పితో పాటు నక్షత్రాలూ తగ్గుతాయి.

సుహైల్ అంటే మన అగస్త్యుడే

గల్ఫ్ ఆకాశ కథల్లో గైడ్లు చెప్పే పెద్ద పేరు సుహైల్. ఆగస్టు చివరి వారంలో తెల్లవారుజామున ఈ నక్షత్రం దక్షిణాన కనబడితే మండు వేసవి విరగడం మొదలైందని అరబ్బులు లెక్కపెట్టుకునేవారు. ఖగోళ శాస్త్రంలో దీని పేరు కానోపస్. మన వాళ్లు అగస్త్య నక్షత్రం అన్నది దీన్నే. భాద్రపదం ప్రాంతంలో అగస్త్యోదయంతో వాన నీళ్లు తేటపడతాయన్నది మన పాత నమ్మకం. ఒకే నక్షత్రం, ఒకే కాలం, అక్కడ వేడి తగ్గడానికి గుర్తు, ఇక్కడ నీరు తేరడానికి గుర్తు.

దుబాయ్‌లో ఇది ఎంత ఎత్తుకు వచ్చినా 12 డిగ్రీలే, చెయ్యి చాచి పట్టిన పిడికిలి కంటే కాస్త ఎక్కువ. హైదరాబాద్‌లో 20 డిగ్రీల దాకా వస్తుంది. దక్షిణ నక్షత్రాల విషయంలో మన ఆకాశమే ఎడారి ఆకాశం కంటే ధనవంతమైనది. అక్కడ ఉన్నది చీకటి, ఇక్కడ తగ్గిపోయింది ఆ చీకటే.

అరబ్బులకూ చంద్రుడి మజిలీల లెక్క ఉంది. వాళ్లవి 28, మనవి 27. మూడోది సురయ్యా, అంటే మన కృత్తిక, పల్లెల్లో పిల్లలకోడి. నాలుగోది దబరాన్, అంటే వెంట వచ్చేది. ఇంగ్లీషులో ఆల్డెబరాన్ అయిన ఆ నక్షత్రం మన రోహిణి. మన వరుసలోనూ కృత్తిక మూడోది, రోహిణి నాలుగోది. తెలుగు కుటుంబాలతో వెళ్లే గైడుకు ఇది తెలిసి ఉంటే, ఆ రాత్రి పెద్దవాళ్లు కూడా మాట కలుపుతారు.

దిబ్బ ఖాళీగా ఉండదు

ఇసుక మీద పడిన టైరు గుర్తు గాలికి చెరిగిపోతుంది కాబట్టి నష్టమేమీ లేదన్న వాదన సగమే నిజం. వట్టి ఇసుక శిఖరం విషయంలో అది సరే. మొక్కల మొదళ్ల దగ్గర పేరుకున్న చిన్న మట్టిదిబ్బల మీద, గులకరాళ్ల మైదానాల మీద సరికాదు. గులకరాళ్ల నేల పైపెచ్చు ఒకసారి చితికితే ఆ చార దశాబ్దాల పాటు ఉండిపోతుంది.

రాత్రి డ్రైవింగ్ నష్టం పగటి దానికంటే వేరుగా ఉంటుంది. ఎడారి జీవాలు చాలావరకు వేడి తప్పించుకోవడానికి రాత్రే మేతకు వస్తాయి. ఎడారి ఎలుకలు, హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ల జంతువులు, ఇసుక నక్కలు తిరిగే వేళకే బండ్లు వస్తున్నాయి. పగలు తిరిగే కొన్ని బల్లులు రాత్రి ఇసుకలో వేలెడు లోతున పూడ్చుకుని పడుకుంటాయి. హెడ్‌లైటు వెలుగులో అవి కనబడే అవకాశమే లేదు.

దుబాయ్‌లో 225 చదరపు కిలోమీటర్ల ఎడారి సంరక్షణ కేంద్రంలో ఇందుకే బండ్లను లైసెన్సు ఉన్న నిర్వాహకులకు, నిర్ణీత దారులకు పరిమితం చేశారు. 1970ల మొదట్లో ప్రకృతిలో పూర్తిగా అంతరించిన అరేబియన్ ఒరిక్స్ అనే ఎడారి జింక ఇప్పుడు అక్కడ స్వేచ్ఛగా తిరుగుతోంది. అక్కడ దిబ్బల మధ్య నిలిచే ఘాఫ్ చెట్టు యూఏఈ జాతీయ వృక్షం. అది మన జమ్మి చెట్టే, తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. పెద్ద చెట్టును ఏ డ్రైవరూ గుద్దడు. ఇసుకలో జానెడు పెరిగిన జమ్మి మొలకను రాత్రి ఎవరూ చూడరు.

జైసల్మేర్ దగ్గర సామ్, ఖురీ దిబ్బల్లో కూడా జీపు సఫారీలు, డీజే పాటల గుడారాలు పెరిగాయి. దాన్ని ఆనుకుని ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కు బట్టమేక పక్షికి మిగిలిన చివరి చోట్లలో ఒకటి. నేల మీదే గుడ్డు పెట్టే పక్షి అది. నంద్యాల జిల్లా రోళ్లపాడులో దాని కోసమే అభయారణ్యం పెట్టినా అక్కడ దాదాపు కనుమరుగైంది. దారి వదిలి తిరిగే బండి ఇలాంటి పక్షికి ఎంత చేటో వేరే చెప్పనక్కర్లేదు.

తిరుగు ప్రయాణం

ప్యాకేజీ వివరాల్లో తక్కువగా కనిపించేది చివరి రెండు గంటలు. దిబ్బల మీద కళ్లు ముందున్న గోడలాంటి ఇసుకనే చూస్తాయి, లోపలి చెవి ఊపును గ్రహిస్తుంది. దిగంతం కనబడకపోవడంతో రెండూ పొసగవు. అందుకే పగలు వాంతులు రానివాళ్లకు కూడా రాత్రి వస్తాయి. భోజనం డ్రైవింగ్ తర్వాతే పెట్టాలి. గర్భిణులు, నడుము నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, విజిట్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు దిబ్బల దారిలో కాకుండా మామూలు మట్టి దారిలో క్యాంపుకు చేరే ఏర్పాటు అడగవచ్చు. నక్షత్రాలు ఏ దారిన వచ్చినవాళ్లకైనా ఒకటే. అద్దె కారు తీసుకుని సొంతంగా ఇసుకలో దిగడం మాత్రం ఎవరూ చేయకూడదు. అద్దె ఒప్పందాలు సాధారణంగా దాన్ని నిషేధిస్తాయి, బండికి ఏమైనా అయితే బీమా వర్తించదు.

డ్రైవరు మధ్యాహ్నం నుంచి చక్రం ముందు ఉన్న మనిషి. రాత్రి ప్యాకేజీ ఆయన పని గంటల్ని అర్ధరాత్రి దాటిస్తుంది. దిబ్బల మీద ఆయన ఎంత నేర్పరి అయినా, నిద్ర ముంచుకొచ్చే వేళ ఖాళీ హైవే మీద నడపవలసింది కూడా ఆయనే. ఎడారి హైవేల మీద ఒంటెలు అడ్డొస్తాయి. పొడుగు కాళ్ల జంతువు కావడంతో ఢీకొంటే బరువైన శరీరం నేరుగా అద్దం మీదికి వస్తుంది. నగరానికి దూరంగా వెళ్లే ప్యాకేజీలు పెరుగుతున్న కొద్దీ ఈ దూరం, ఈ వేళ కూడా పెరుగుతాయి. రాత్రంతా క్యాంపులో ఉంచి తెల్లవారాక తీసుకొచ్చే పద్ధతి కాస్త ఖరీదైనా, ఆకాశం కోసమూ డ్రైవరు నిద్ర కోసమూ అదే మేలు.

ఇసుక దాటి రోడ్డెక్కే ముందు బండ్లన్నీ ఆగి టైర్లలో మళ్లీ గాలి నింపుకుంటాయి. నాలుగు టైర్లకు పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. లోపల పిల్లలు నిద్రపోతుంటారు, పెద్దవాళ్లు త్వరగా వెళ్దామంటారు. 16 పీఎస్ఐ ఉన్న టైరు హైవే వేగంలో పక్క గోడలు మడతపడి వేడెక్కి పగిలిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు డ్రైవరును తొందరపెట్టకూడదు.